ఏడో గడిలో సంతకం

జనాభా తగ్గించడానికి మన దేశంలో మీటింగును మించిన సాధనం లేదు!

నవ్వకండి. లూపు కాదు, మాత్ర కాదు, గోడల మీద రాసే నినాదం అసలే కాదు. మీటింగు! నెలకొకసారి, రెండో సోమవారం, పొద్దున పది గంటల నుంచి పొద్దుగూకే దాకా ఏడుగురు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుంటే చాలు. ఊళ్ళో కాన్పులు వాటంతటవే తగ్గుతాయి. ఇది గాలికి చెప్తున్న మాట కాదు. మా తాలూకా కుటుంబ సంక్షేమ సంఘానికి రెండేళ్ళుగా కార్యదర్శిగా, జీతం భత్యం లేకుండా, నడుము పట్టేదాకా కూర్చుని తెలుసుకున్న సత్యం.

కూర్చోవడమంటే తేలిక అనుకుంటున్నారా? మీరెప్పుడైనా సంఘసేవ చేశారా?

ముందు మా సంఘం గురించి చెప్పాలి. ఏడుగురం. ఏడుగురమూ మగవాళ్ళమే. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడే చోట ఆడవాళ్ళు కూర్చుంటే ఎంత ఇబ్బంది! మనసు విప్పి మాట్లాడగలమా? పోతే, ఏడుగురికీ కలిపి నలభై మూడు మంది సంతానం. దీన్ని కొందరు గిట్టనివాళ్ళు వెక్కిరింతగా చెప్పుకుంటారు. అనుభవం లేనివాడు కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడితే ఎవడు వింటాడండీ?

అధ్యక్షులు లింగమూర్తి గారు. తునికాకు కాంట్రాక్టరు. తొమ్మిది మంది పిల్లలు. ఆయనకు ఇంకో అర్హత కూడా ఉంది. మా ఊళ్ళో పన్నెండు కుర్చీలూ ఒక ఫ్యానూ ఉన్న హాలు ఆయనదొక్కటే. సంఘంలో అసలు మెదడు మాత్రం అంతయ్య గారిది. నిజాం జమానాలో గిర్దావరుగా పనిచేసి రిటైరైన మనిషి. భూములు కొలిచిన చెయ్యి. ఇప్పుడు గొలుసు లేదు గానీ కొలవడం మానలేదు. కాయిదా లేనిదే ఆయన తుమ్మడు కూడా.

ఇక నేను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని కార్యదర్శిని చేశారు. ప్రారంభోత్సవం నాడు 'పరిమిత సంతానం' అనే విషయం మీద స్వాగతోపన్యాసం చదువుతున్నాను. అప్పటికి నాకు ఐదుగురు. సగంలో ఉండగా ఇంటి నుంచి కబురొచ్చింది: ఆరో కాన్పు, ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం. సభ అంతా చప్పట్లు కొట్టింది. ఉపన్యాసానికి కొట్టారో కబురుకు కొట్టారో నాకిప్పటికీ తెలియదు.

మొదటి మూడు మీటింగులూ సైనుబోర్డుకే సరిపోయాయి. నీలం మీద తెలుపా, తెలుపు మీద నీలమా? నాలుగో మీటింగులో దరఖాస్తు ఫారం. హైదరాబాదు నుంచి ఒక నమూనా తెప్పించి, గౌరవంగా ఉండాలని ఇంగ్లీషులోనే అచ్చు వేయించాం. పన్నెండు గడులు, మూడు నకళ్ళు. కాన్పులు ఆగడానికి లూపు వేయించుకోవాలనుకునే ఆడమనిషి ఆ ఫారం పట్టుకుని కరీంనగర్ దవాఖానకు పోవాలి. ఏడో గడిలో భర్త సంతకం. పదకొండో గడిలో సంఘం కార్యదర్శి సంతకం. ఏడో గడి మాత్రం అంతయ్య గారి పట్టుదల.

"పట్టాదారు దస్తఖత్ లేకుంట భూమి మీద ఎవడన్న చెయ్యి పెడ్తడా?" అన్నాడాయన.

ఏకగ్రీవంగా చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను.

సంఘం ఇంత పకడ్బందీగా తయారైన తరువాత, నిరుడు ఉగాది వెళ్ళిన వారానికి, మొదటి దరఖాస్తుదారు వచ్చింది. పేరు కొమురవ్వ. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చంకలో మూడు నెలల పిల్ల. గుమ్మం దగ్గర నిలబడింది, కూర్చోమని మేమెవరమూ అనలేదు. పన్నెండు కుర్చీల్లో ఐదు ఖాళీగా ఉన్నాయి లెండి.

"సారూ, నాకు ఐదుగురు పిల్లలు. మొన్నటి కాన్పుల మూడు దినాలు కొట్టుకున్న. నర్సు సాయవ్వ లేకుంటె గప్పుడే పోదును. ఇంకొక్క కాన్పయితె బతుకవు అని డాక్టరమ్మ మొఖం మీదనే చెప్పింది. మీరు కాయిదమిస్తె కరీంనగర్ పోయి లూపు ఏయించుకుంట."

"మొగని దస్తఖత్ ఏదవ్వా?" అన్నాడు అంతయ్య గారు.

"ఆయన భివండిల ఉన్నడు సారూ, సాంచాల మీద బట్ట నేసే పని. దసరకస్తడు. ఆయనకు దస్తఖత్ రాదు."

"వేలిముద్ర గూడ దస్తఖత్ కిందికే లెక్క. దసరకు వస్తడా? మంచిది. ముద్ర ఏస్తడు. దీపావళి ఎన్క మీటింగుల పెడ్తం. కార్తీకం ఎల్లేటాలకు మంజూరు!" వేళ్ళ మీద లెక్కపెట్టి, పని అయిపోయినట్టే మొహం పెట్టాడు ఆయన.

కొమురవ్వ కూడా వేళ్ళ మీదే లెక్కపెట్టింది.

"ఆయనుండేది పదిహేను దినాలు సారూ. మీరు మంజూరు జేసేటాలకు నాకు మూడో నెల వడ్తది."

లింగమూర్తి గారు నవ్వబోయి దగ్గారు. ఆమె మెట్లు దిగిపోయాక, "నోరు జర ఎక్కువనే ఉన్నది" అన్నారు. దాన్ని మినిట్సులో ఎక్కించలేదు.

అయినా మేమేం రాతి గుండెల వాళ్ళం కాదు. ఆ రోజే తీర్మానించాం: ఫారం మూడు నకళ్ళూ రిజిస్టరు పోస్టులో భివండికి, ఆమె భర్త హనుమండ్లుకు పంపించాలని. ఫారం ఇంగ్లీషులో ఉంది కనుక, ఇదేమిటో తెలుగులో నాలుగు ముక్కలు రాసి జత చేద్దామని నేనన్నాను. మంచి సూచన అన్నారు అందరూ. మంచి సూచన కనుక వచ్చే మీటింగుకు వాయిదా వేశారు. ఫారం మాత్రం పోయింది.

ఆ తరువాత ప్రతి రెండో సోమవారం కొమురవ్వ వచ్చేది. మెట్ల మీద కూర్చుని పిల్లకు పాలిచ్చేది.

"జవాబొచ్చిందా సారూ?"

"రాలే."

వైశాఖంలో మీటింగే లేదు, నలుగురు సభ్యులు పెళ్ళిళ్ళకు పోయారు. ఆ తరువాతి మీటింగులో 'లూపు' అనే మాట మర్యాదస్తుల మినిట్సులో ఉండవచ్చునా అని చర్చ వచ్చింది. మూడు గంటల వాదం! చివరికి 'సదరు వస్తువు' అని రాయాలని తీర్మానించాం. ఆ పై నెల ఫ్యాను చెడిపోయింది. ఫ్యాను లేని చోట జనాభా గురించి ఆలోచించడం మనుషుల వల్ల అవుతుందా?

శ్రావణంలో మీటింగు అయ్యాక ఆమె మెట్ల దగ్గర నన్ను ఆపింది. చంకలో పిల్ల అప్పటికి నా కళ్ళజోడు అందుకునేంత అయింది.

"సారూ, దసర ఇంక రెండు నెలలు లేదు. ఆయన మంచోడే. గని ఎన్నడో ఒక్కసారి వచ్చే మొగన్ని వాకిట్ల పండుమనుడు ఎట్ల? నాకేమన్నయితె గీ పొల్లను మీ మీటింగే సాదుతదా?"

నా గుండె కరిగిపోయింది పాఠకులారా! వెంటనే డైరీ తీసి, 'కొమురవ్వ వ్యవహారం, వచ్చే మీటింగులో మొదటి అంశం' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. గంటన్నర బస్సు ప్రయాణం చేసి ఆమెతో కరీంనగర్ పోయి, ఆ డాక్టరుతో ఒక్క మాట మాట్లాడి రావచ్చునని తట్టలేదా అంటారా? కార్యదర్శికి అలాంటివి తట్టవు. అంశాలు తడతాయి.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఇంటావిడ గంగుబాయి అడిగింది, "గా కొమురవ్వది ఏమాయె మీ మీటింగుల?"

"పరిశీలనలో ఉంది" అన్నాను.

"బరే" అంది.

గంగుబాయి పుట్టిల్లు బోథ్. ఆ వైపు మరాఠీ ముక్కలు మాటల్లో కలిసిపోయి ఉంటాయి. బరే అంటే సరే అని అర్థం. పెళ్ళయి పదిహేడేళ్ళలో ఆమె నాలుగుసార్లో ఐదుసార్లో బరే అని ఉంటుంది. అన్న ప్రతిసారీ ఆ తరువాత ఇంట్లో ఏదో ఒకటి నాకు తెలియకుండా మారిపోయింది. ఈసారీ అది గుర్తుకు రాలేదు. ఆ మాట అన్నప్పుడు నేను చారు పోసుకుంటున్నాను.

వారం తిరక్కుండా పొద్దున పేపరు చదువుతుంటే నా ముందు ఫారాల కట్ట పెట్టింది.

"నర్సు సాయవ్వ పంపింది. పెన్సిల్ గుర్తులున్న చోటల్ల సంతకం జెయ్యుండ్రి."

నా సంతకం గురించి ఒక మాట చెప్పుకోవాలి. మొదటి అక్షరం సున్నాలా చుట్టి, చివర కోతి తోకలా కిందికి లాగి, దాని కింద రెండు చుక్కలు పెడతాను. సంఘంలో ఆ సంతకానికి పేరుంది. రాను రాను కాగితం కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే పోతుంది.

"సదువుతరా?" అంది గంగుబాయి.

"అచ్చు వేయించిందే మేము. కొత్తగా చదివేదేముంది?" అని, పేపరు మీది చూపు తీయకుండా తోకలన్నీ లాగేశాను.

భాద్రపదం. రెండో సోమవారం. చంకలో ఫైలుతో మీటింగుకు పోతున్నాను. బస్సు ఆగే చోట గంగుబాయి, కొమురవ్వ, సాయవ్వ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు మూటలతో నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి?" అన్నాను.

"వేములవాడకు. రాజన్నకు కోడె మొక్కున్నది" అంది గంగుబాయి.

మంచి పని అన్నాను. అప్పుడే బస్సు వచ్చింది. కండక్టరు నాకు తెలిసినవాడే. "ఆడవాళ్ళు దేవుడి దగ్గరికి పోతున్నారు, సీట్లు ఇప్పించు" అని నేనే చెప్పి ఎక్కించాను. సాయవ్వ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "సార్, మీటింగు మంచిగ జరగాలె. తొందర పడకుండ్రి, నిమ్మలంగ మాట్లాడుకోండ్రి" అంది. మా సేవను గుర్తించిన మొదటి మనిషి ఆమేనని పొంగిపోయాను.

ఇప్పుడు చెప్పండి, నాలాంటివాణ్ణి ఏమనాలి? వేములవాడ మా ఊరికి పడమర. ఆ బస్సు మూతి తూర్పుకు, కరీంనగర్ వైపు ఉంది. సాయవ్వ ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మిషను మనిషి. రాజన్న గుడి చుట్టూ ఆమె కోడెను తిప్పడమేమిటి? ఒకటి కాదు, రెండు సాక్ష్యాలు నా కళ్ళ ముందు నిలబడి చెయ్యి ఊపాయి. నేను కూడా చెయ్యి ఊపాను!

ఆ రోజు మీటింగు అద్భుతంగా సాగింది. కొమురవ్వ వ్యవహారం మొదటి అంశం. ఆమె మెట్ల మీద లేదు కనుక, అవసరం తీరిందని భావించి వాయిదా వేశాం.

దసరా వచ్చింది. సాయంత్రం జమ్మి కొట్టి, ఊరంతా ఆకు చేతుల్లో పెట్టుకుంటూ అలాయి బలాయి ఇచ్చుకుంటున్న వేళ, హనుమండ్లు మా వాకిట్లోకి వచ్చాడు. వెనుక కొమురవ్వ, పిల్లలు. బక్కపలచని మనిషి. పత్తి దుమ్ములో పని చేసి చేసి గొంతు బొంగురుపోయింది. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, "బంగారం తీస్కోండ్రి సారూ" అన్నాడు. తరువాత అంగీ లోపలి నుంచి, మైనపు గుడ్డలో చుట్టిన కవరు ఒకటి తీశాడు.

మా సంఘం కవరు! మూడు నకళ్ళు! మడత నలగలేదు.

"సారూ, గిది నాకు పోస్టుల వచ్చింది. ఇంగిలీసుల ఉన్నది, సదివెటోడు దొరకలే. మీద గుద్దిన మొహరు జూసి భూమి పట్టా అనుకున్న. మా కోలీల కలిసి ఉండెటోళ్ళందరికి చెప్పుకున్న, సర్కారు నాకు భూమిచ్చిందని. జర సదివి చెప్పుండ్రి, ఎన్ని గుంటలు?"

ఏమని చదవాలి? కొమురవ్వ మొహంలోకి చూశాను. భయం కనిపిస్తుందనుకున్నాను. భయం లేదు. చంకలోని పిల్లను దింపి ముందుకు వచ్చింది.

"గది భూమిది గాదు. నాది" అంది. "ఆ పని అయిపోయింది."

"ఏం పనే?"

"బతికే పని."

ఆమె చెప్పింది. డాక్టరమ్మ ఏమన్నదో, కరీంనగర్‌లో ఏమైందో, ఒక్కొక్క మాటే, ఎవరి వైపూ చూడకుండా. హనుమండ్లు నిలబడి విన్నాడు. నేను వాకిట్లో ఉన్న కర్ర మీద ఒక కన్ను వేసి ఉంచాను. సంఘసేవకుడికి ముందుచూపు ఉండాలి కదా!

అతను కర్ర వైపు చూడలేదు. పెద్ద పిల్లవాడి భుజం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"మూడు దినాలు కొట్టుకున్నదని నాకెవ్వలు రాయలే సారూ. తల్లీ పిల్లా మంచిగున్నరని కార్డొచ్చింది, గంతే." గొంతు సవరించుకున్నాడు. "నేనెన్నడన్న వద్దన్ననా? నా ముద్ర లేంది పని గాదని ఎవలన్నరు?"

"సంఘం" అన్నాను.

"సంఘమంటె ఎవలు?"

నేను చేతిలోని జమ్మి ఆకును శ్రద్ధగా పరిశీలించాను. దానికి ఈనెలు ఎన్నో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"సంఘమంటె గీయనే" అంది గంగుబాయి గుమ్మంలోంచి.

"మరి కరీంనగర్ల సంతకం ఎవలు వెట్టిండ్రు?"

"గది గూడ గీయనే. మొగడు దూరముండంగ ఊళ్ళె తెలిసిన పెద్దమనిషి సంతకం పెడ్తె నడుస్తదట. సాయవ్వ కనుక్కున్నది. నెలలకు నెలలు అడిగితె పెట్టనోడు, పేపరు సదువుకుంట పెట్టిండు."

హనుమండ్లు నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక సంఘసేవ, చేస్తున్నానని తెలియకుండా చేసింది! ఆ దండం కింద నేనెంత చిన్నగా అయ్యానో కొలవాలంటే అంతయ్య గారి గొలుసు కూడా అక్కరలేదు, జానెడు దారం చాలు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొమురవ్వ చిన్నగా నవ్వింది. "అక్కది గూడ గా దినమే అయింది సారూ. మీకు చెప్పలేదా?"

అక్క అంటే ఎవరో అర్థం కావడానికి నాకు అరనిమిషం పట్టింది. గంగుబాయి లోపలికి పోయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. దరఖాస్తుదారు: గంగుబాయి. సంతానం: ఆరుగురు. ఏడో గడిలో భర్త సంతకం, సున్నాలా చుట్టి, కోతి తోకలా లాగి, కింద రెండు చుక్కలు. పదకొండో గడిలో కార్యదర్శి సంతకం, అదే తోక, అవే చుక్కలు. భర్తగా ఒప్పుకున్నాను, కార్యదర్శిగా ధ్రువీకరించాను!

"సదువుతరా అని అడిగిన గద" అంది.

అవును. అడిగింది. పదిహేడేళ్ళలో ఆరు కాన్పులు. నేనెప్పుడైనా ఆమెను ఏమైనా అడిగానా అని ఆలోచిస్తే, అన్నంలోకి ఏమిటి అన్నది తప్ప ఇంకేదీ గుర్తుకు రాలేదు.

హనుమండ్లు ఆ ఫారం వెనక్కి తీసుకుపోలేదు. దాదాపు ఆరు నెలలు గుండెకు ఆనించుకుని దాచాడు, వృథా పోనిస్తాడా? వేలిముద్ర వేస్తానని పట్టుపట్టాడు. మూడు నకళ్ళ మీదా వేశాడు. దీపావళి వెనుక మీటింగులో దాన్ని ప్రవేశపెట్టాను. అంతయ్య గారు కళ్ళజోడు సవరించి, ముద్రను వెలుతురుకు పట్టి చూసి, "ఇగ మిసిల్ సాఫ్!" అని ఫైలు మూశాడు. ఏకగ్రీవంగా మంజూరైంది, పని జరిగిపోయిన రెండు నెలలకు! మా సంఘం చరిత్రలో మంజూరైన మొదటి దరఖాస్తు అది. అధ్యక్షుల వారికి దండ వేశాం. ఫోటో తీయించాం.

ఇప్పుడైనా నమ్ముతారా, మీటింగు ఎంత గొప్పదో?

మా ఊళ్ళో ఆడమనిషి మూట పట్టుకుని బస్సు దగ్గర నిలబడితే, "ఎక్కడికే?" అని అడిగే అధికారం ఉన్నవాళ్ళు ముఖ్యంగా ఏడుగురు. ఆ ఏడుగురూ రెండో సోమవారం ఒకే హాల్లో, ఒకే ఫ్యాను కింద ఉంటారు. దసరా నుంచి ఈ ఉగాది దాకా వేములవాడ మొక్కుల పేరుతో తూర్పు బస్సెక్కినవాళ్ళు ముప్పై ఇద్దరు. సాయవ్వ లెక్క ఇది. అందులో లింగమూర్తి గారి ఇంటి నుంచే ఇద్దరు. పుష్యంలో అంతయ్య గారికి జ్వరం వచ్చి మీటింగు ఆగిపోయింది. ఆ నెల ఒక్కరు కూడా పోలేకపోయారు! ఇంతకన్నా రుజువు కావాలా?

కాబట్టి ఇప్పుడు నేను నిజంగానే సేవ చేస్తున్నాను. పొద్దు ఇంకా నాలుగు బారలుండగా ఎవరైనా "ఇగ ముగిద్దామా" అంటే, సైనుబోర్డు రంగు మాట ఎత్తుతాను. నీలం మీద తెలుపు మంచిదా అధ్యక్షా, తెలుపు మీద నీలమా? ఇక చూడండి! బస్సు తిరిగి వచ్చి, ఆడవాళ్ళు ఇళ్ళకు చేరి, పొయ్యి ముట్టించేదాకా లేవరు. ఆడమనిషి తన ఒళ్ళు తానే కాపాడుకోవడానికి ఎవడో ఒక మగవాడి సంతకం కావాలట. కావాలన్నన్నాళ్ళు నా తోక ఉంది. లాగుతూనే ఉంటాను.

ఈ రహస్యం ఇలా పత్రికకెక్కించావేమిటంటారా? ఫికరు లేదు. మా సభ్యులు కాగితాల మీద సంతకాలు పెడతారు గానీ చదవరు.

నిన్న గంగుబాయి ఒక తీర్మానం రాసి నా ముందు పెట్టింది. ఇకమీదట సంఘం మీటింగు నెలకు రెండుసార్లు జరగాలట. ప్రజాహితం దృష్ట్యా!

సంతకం పెట్టాను. ఈసారి చదివాను లెండి. చదివే పెట్టాను.